ఐదో నంబరు జెర్సీ

(ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం నాడు ఫిజియోథెరపీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకి, మీ అందరికీ నమస్కారం.

మోటార్ న్యూరాన్ డిసీజ్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మీరు ఎంఎన్‌డీ అని చదివేది, కండల్ని కదిలించే నరాల కణాలు చచ్చిపోతూ వచ్చే జబ్బు. అందులో ఎక్కువగా కనిపించే రకం ఏఎల్‌ఎస్. పుస్తకంలో ఉన్నదంతా మీ సార్లు చెబుతారు, నేను దాన్ని మళ్ళీ చెప్పను. ఒక ఆటగాడి సంగతి చెబుతాను. పేరు డొడ్డీ వీర్. స్కాట్లాండ్ మనిషి. అసలు పేరు జార్జ్. అక్కడ జార్జ్‌లను డొడ్డీ అని పిలుచుకుంటారు, మన దగ్గర వెంకటేశ్వర్లు వెంకన్న అయినట్టు. రగ్బీలో దేశం తరఫున 61 మ్యాచ్‌లు ఆడాడు. 46 ఏళ్ళప్పుడు ఈ జబ్బు అని తేలింది. 52 ఏళ్ళకి పోయాడు. మధ్యలో ఉన్న ఆ ఆరేళ్ళ గురించి మీకు చెప్పాలని వచ్చాను. కానీ ఆ ఆరేళ్ళు అర్థం కావాలంటే ముందు అతను ఆడిన ఆట అర్థం కావాలి.

మీలో కబడ్డీ ఆడినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. రగ్బీ మ్యాచ్ పూర్తిగా చూసినవాళ్ళు? ఇద్దరు. సరే.

రగ్బీ యూనియన్‌లో జట్టుకి 15 మంది. ఒకటి నుంచి ఎనిమిది నంబర్ల దాకా ఫార్వర్డ్‌లు, మిగతావాళ్ళు బ్యాక్‌లు. బ్యాక్‌లు పరిగెడతారు, పేపర్లో ఫొటో వాళ్ళదే పడుతుంది. ఫార్వర్డ్‌లు కుమ్ములాడి బంతి సంపాదించి పెడతారు. కబడ్డీలో కూతకెళ్ళి పాయింట్లు తెచ్చిన రైడర్ పేరు అందరికీ గుర్తుంటుంది. చీలమండ దొరకబుచ్చుకుని వాణ్ణి ఆపిన కార్నర్ పేరు సొంత ఊరివాళ్ళకే గుర్తుంటుంది. మా అన్నయ్య కార్నర్. అందుకే నాకు ఫార్వర్డ్‌లంటే అభిమానం.

నాలుగు, ఐదు నంబర్ల వాళ్ళని లాక్‌లు అంటారు. జట్టులో అందరికంటే పొడుగు వాళ్ళే. డొడ్డీది ఐదో నంబరు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి. లాక్‌కి ముఖ్యమైన పనులు రెండు. మొదటిది స్క్రమ్. ఎనిమిది మంది ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, తలలు వంచి, ఎదుటి ఎనిమిది మందిని తోస్తారు. ముందు వరసలో ముగ్గురుంటారు. లాక్ వాళ్ళ వెనక వంగి, తలని ఇద్దరి తుంటిల మధ్య దూర్చి, భుజం ముందువాడి పిరుదు కింద ఆనించి తోయాలి. చెవులు నలిగిపోతాయని తల చుట్టూ టేపు చుట్టుకుంటారు. రెండు జట్లూ కలిపి పదహారు మంది, టన్నున్నర పైన బరువు. అందులో లాక్‌కి బంతి సరిగా కనిపించదు. నేలా, ముందువాడి కాళ్ళూ కనిపిస్తాయి. తోస్తూనే ఉండాలి.

రెండోది లైనౌట్. బంతి పక్క గీత దాటి బయటికి పోతే రెండు జట్లూ పక్కపక్కనే వరసలు కడతాయి. హుకర్, అంటే స్క్రమ్ ముందు వరసలో నడిమివాడు, మధ్యలోకి బంతి విసురుతాడు. లాక్ ఎగిరి అందుకోవాలి. డొడ్డీ ఆట మొదలుపెట్టిన రోజుల్లో ఎగిరేవాణ్ణి ఎవరూ ఎత్తకూడదు, రూల్ ఒప్పుకోదు. ఎవడి పిక్కల బలంతో వాడే ఎగరాలి. పక్కనుంచి మోచేతులు, తోపులు మామూలే. 90ల రెండో సగానికి వచ్చేసరికి రూల్ మారింది. ఎగిరేవాణ్ణి ఇద్దరు ఎత్తొచ్చు. ముందున్నవాడు మోకాళ్ళకి పైన తొడల్ని పట్టుకుంటాడు. వెనకున్నవాడు తొడల వెనక, పిరుదుల కింద చేతులు వేస్తాడు. ఎగిరేవాడు ఒళ్ళంతా కర్రలా బిగబట్టి ఉంచాలి. కాస్త మెత్తబడితే వాళ్ళ చేతుల్లోంచి జారిపోతాడు. ఎత్తినవాళ్ళు కూడా గాల్లో వదిలేయకూడదు, నేల మీద పాదాలు ఆనేదాకా పట్టుకునే ఉండాలి. వదిలేస్తే ఫౌల్. ఇది మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

డొడ్డీ 1970 జూలై 4న ఎడిన్‌బరోలో పుట్టాడు. పెరిగింది బోర్డర్స్‌లో, వ్యవసాయం చేసే ఇంట్లో. గుర్రాలంటే ప్రాణం. బోర్డర్స్ అంటే స్కాట్లాండ్, ఇంగ్లండ్‌ల సరిహద్దు సీమ. అన్నీ చిన్న ఊళ్ళే, ఊరికో రగ్బీ క్లబ్బు. మన కోస్తాలో సంక్రాంతి వస్తే ఊరూరా కబడ్డీ పోటీలు పెట్టుకున్నట్టు అక్కడ రగ్బీ. అతను ఆడిన క్లబ్బు మెల్‌రోజ్‌ది. జట్టుకి ఏడుగురు ఆడే సెవెన్స్ ఆట 1883లో పుట్టింది ఆ ఊళ్ళోనే. క్లబ్బుకి డబ్బు కూడబెట్టడానికి నెడ్ హేగ్ అనే మాంసం కొట్టాయన ఆలోచన అది. ఇప్పుడు ఒలింపిక్స్‌లో ఆడేది ఆ సెవెన్సే. 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు ఆడిందే, అదీ సెవెన్సే.

1990 నవంబర్ 10న అర్జెంటీనా మీద డొడ్డీ మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు. అక్కణ్ణుంచి 2000 దాకా ఆడుతూనే ఉన్నాడు. బిల్ మెక్‌లారెన్ అని ఆ దేశంలో చాలా పేరున్న కామెంటేటర్ ఉండేవాడు, వృత్తికి వ్యాయామ ఉపాధ్యాయుడు, అదే బోర్డర్స్ మనిషి. పొడవాటి కాళ్ళేసుకుని డొడ్డీ బంతితో పరిగెత్తడం చూసి, పిచ్చెక్కిన జిరాఫీలా దూసుకొస్తున్నాడని కామెంటరీలో అన్నాడు. ఆ పేరు డొడ్డీకి జీవితాంతం నిలిచిపోయింది. అతను దాన్ని ముచ్చటగానే మోశాడు.

ఒక మ్యాచ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. 1995 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. ఎదుట న్యూజీలాండ్. ఆ జట్టులో 20 ఏళ్ళ జోనా లోమూ. ఆ ప్రపంచ కప్‌లో ఫైనల్ దాకా అతన్ని ఆపడం ఎవరికీ చేతకాలేదు. స్కాట్లాండ్ 30-48తో ఓడిపోయింది. కానీ ఆ ఓడిన మ్యాచ్‌లో డొడ్డీ రెండు ట్రైలు చేశాడు. ట్రై అంటే బంతిని ఎదుటివాళ్ళ గీత అవతల నేలకి ఆనించడం. స్క్రమ్‌లో తలదూర్చి తోసే మనిషి, మళ్ళీ లేచి వచ్చి ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు గీత దాటడం, అదీ న్యూజీలాండ్ మీద, అరుదు. ఆ వీడియో దొరుకుతుంది, చూడండి. మోకాళ్ళు ఎంత ఎత్తుకి లేస్తాయో చూడండి. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఎందుకు చూశానో తర్వాత చెబుతాను.

అదే ఏడాది ఆగస్టులో రగ్బీ యూనియన్ ప్రొఫెషనల్ ఆట అయింది. అప్పటిదాకా ఆడినందుకు జీతం లేదు. డొడ్డీ ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ క్లబ్బుకి వెళ్ళాడు. 1997లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌కి ఎంపికయ్యాడు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్ళలో మేలైనవాళ్ళని ఏరి నాలుగేళ్ళకోసారి కట్టే జట్టు అది. అందులో చోటు దొరకడం ఏ ఆటగాడికైనా జన్మకి చాలు. దక్షిణాఫ్రికా పర్యటనలో, టెస్టులు మొదలు కాకముందే, ఒక ప్రాంతీయ జట్టుతో మ్యాచ్. ఎదుటి ఆటగాడొకడు బంతితో సంబంధం లేకుండా డొడ్డీ మోకాలి మీద తన్నాడు. లిగమెంట్లు దెబ్బతిన్నాయి. పర్యటన అక్కడితో సరి. లయన్స్ ఆ సిరీస్ 2-1తో గెలిచింది. డొడ్డీ అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. మీరు ఫిజియోలు కాబోతున్నారు, మోకాలి లిగమెంట్ దెబ్బ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. అదే 1997-98 సీజన్‌లో న్యూకాజిల్ ఇంగ్లండ్ లీగ్ టైటిల్ గెలిచింది. గెలిచిన ఆ జట్టులో డొడ్డీ ఉన్నాడు.

ఇక్కడ మన దేశం ముచ్చట ఒకటి. స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఏటా ఒక కప్పు కోసం ఆడతాయి. దాని పేరు కలకత్తా కప్. 1870లలో కలకత్తాలో తెల్లవాళ్ళు పెట్టుకున్న రగ్బీ క్లబ్బు మూతపడుతుంటే, బ్యాంకులో మిగిలిన డబ్బుని వెండి రూపాయలుగా తీసి, 270 రూపాయలు కరిగించి ఆ కప్పు చేయించారు. మూడు పిడులూ పడగెత్తిన నాగుపాములు. మూత మీద ఏనుగు. 1879లో దానికోసం మొదటిసారి ఆడారు. డొడ్డీకి ఆ కప్పుతో రుణం లేదు. 1991 నుంచి 1999 దాకా స్కాట్లాండ్‌కి ఇంగ్లండ్ మీద ఒక్క గెలుపూ లేదు. మన రూపాయలతో పోసిన కప్పు, పదేళ్ళు ఆడినా చేతికి రాలేదు పాపం.

2004లో ఆట మానేశాడు. మురుగునీటి ట్యాంకులు, డ్రైనేజీ పనులు చూసే కంపెనీలో చేరాడు. భార్య క్యాథీ, ముగ్గురు మగపిల్లలు, పొలం, గుర్రాలు. విందుల్లో నవ్వించే ఉపన్యాసాలు.

2016లో అతని చెయ్యి తలుపు మధ్య నలిగింది. నొప్పి తగ్గింది, పట్టు మాత్రం తిరిగి రాలేదు. కండలు వాటంతటవే అదురుతుండేవి. ఆ డిసెంబర్‌లో, క్రిస్మస్ ముందు, ఎంఎన్‌డీ అన్నారు. ఏడాది తిరిగేసరికి నడవలేవని కూడా చెప్పారట. ఏడాది తర్వాత అదే డాక్టర్ గది తలుపు తోసుకుని నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

మా అన్నయ్యకీ అలాగే మొదలైంది. అదే ఏడాది. రేపల్లె దగ్గర మా ఊళ్ళో వరీ, మినుమూ వేసేవాడు. ఒకరోజు ట్రాక్టర్ తాళం తిప్పలేకపోయాడు. తర్వాత చొక్కా గుండీలు. కుడి భుజం మీద కండ చర్మం కింద పురుగు పాకినట్టు అదురుతుండేది. మా అమ్మ, "మగాడికి కుడి భుజం అదిరితే మంచిదేరా, పొలం కొంటావు" అంది. నేను అప్పటికి ఫిజియో ప్రాక్టీసు మొదలుపెట్టి ఐదేళ్ళు. ఈ అదురునే ఫాసిక్యులేషన్ అంటారు, ఆ మాట పరీక్షలో రాసినదాన్నే. ఇంట్లో కళ్ళెదుట అదురుతుంటే నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకోలేదేమో. చెయ్యి బలహీనపడింది కదా అని రబ్బరు బంతి ఇచ్చి రోజుకి మూడు వందల సార్లు నొక్కించాను. సాయంత్రానికి గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవాడు. నేను ఇంకా నొక్కమనేదాన్ని. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడ ఎముకల అరుగుదల అని చెప్పి మెడకి ఆపరేషన్ చేశారు. అదయ్యాక మూడు నెలలకి నాలుక కూడా అదరడం మొదలైంది. అప్పుడు తెలిసింది.

మీ దగ్గరికీ ఇలాంటివాళ్ళు వస్తారు. మెడ నొప్పి ఉండదు, తిమ్మిరి ఉండదు, స్పర్శ బాగానే ఉంటుంది, చెయ్యి మాత్రం చిక్కిపోతుంటుంది. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోతుంటుంది. అయినా మోకాలి దగ్గర సుత్తితో కొడితే కాలు ఎగిరి పడుతుంది. అలా కనిపిస్తే రబ్బరు బంతి ఇవ్వకండి. న్యూరాలజిస్టు దగ్గరికి పంపండి. ఇంకో సంగతి. మన దక్షిణాదిలో మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అని ఒక రకం ఉంది. చిన్న వయసులోనే వస్తుంది, వినికిడి తగ్గుతుంది, ముఖం కండలు పడిపోతాయి, కానీ మెల్లగా నడుస్తుంది, ఏళ్ళ తరబడి బతుకుతారు. తమిళనాడు, కర్ణాటకతో పాటు మన ఆంధ్రాలోనూ కనిపించింది. చెవుడున్న కుర్రాడు చేతులు సన్నబడి వస్తే ఆ పేరు గుర్తు రావాలి.

డొడ్డీ 2017 జూన్‌లో జబ్బు సంగతి లోకానికి చెప్పాడు. ఆ నవంబర్ 18న ఎడిన్‌బరోలోని మర్రేఫీల్డ్ స్టేడియంలో స్కాట్లాండ్, న్యూజీలాండ్ మ్యాచ్. ఆట మొదలయ్యే ముందు బంతిని మైదానంలోకి తెచ్చింది డొడ్డీ, తన ముగ్గురు కొడుకులతో. ఆ వీడియో ఫోన్‌లో అన్నయ్యకి చూపించాను. నాకు రగ్బీ అంటే ఏమిటో కూడా తెలియదు అప్పటికి. ఈ జబ్బున్నవాళ్ళ కోసం వెతుకుతుంటే కనబడింది. అతను పెద్ద గళ్ళ టార్టన్ బట్ట కోటూ ప్యాంటూ వేసుకున్నాడు. అది స్కాట్లాండ్ వాళ్ళ సంప్రదాయ నేత. పెద్ద మనిషి, నడక కాస్త తడబడుతోంది, కళ్ళనిండా నీళ్ళు. జనం లేచి నిలబడి అరుస్తున్నారు. అన్నయ్య చాలాసేపు చూశాడు. అప్పటికే మాట ముద్దగా వచ్చేది. "చిన్నీ, ఆ చొక్కా గుండీలు ఎవరు పెట్టుంటారు?" అన్నాడు.

ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ జబ్బున్నవాడే అడుగుతాడు.

తర్వాత ఇద్దరం కలిసి పాత మ్యాచ్‌లు చూశాం. ప్రిటోరియా మ్యాచ్ చాలాసార్లు. అన్నయ్యకి స్క్రమ్ వెంటనే అర్థమైంది. "మన చైన్ పట్టు లాంటిదే" అన్నాడు. లైనౌట్ చూసి ముచ్చటపడ్డాడు. ఇంత బరువు మనిషిని ఇద్దరు అంత తేలిగ్గా ఎలా ఎత్తుతున్నారని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించాడు.

ఆ నవంబర్‌లోనే డొడ్డీ ఒక ఫౌండేషన్ పెట్టాడు. పేరు మై నేమ్ ఈజ్ డొడ్డీ. ఇంగ్లిషులో రాసేటప్పుడు ఎస్ అక్షరం రావాల్సిన చోట 5 అంకె వేశారు, అతని జెర్సీ నంబరు. అతనికి కోపం ఒక్కదాని మీదే. అప్పటికి బ్రిటన్‌లో ఈ జబ్బుకి అనుమతి ఉన్న మందు ఒక్కటే, రిలుజోల్. అది 90ల నాటిది. ఆయుష్షు కొద్ది నెలలు పెంచుతుంది. ఇరవై ఏళ్ళు దాటినా రెండో మందు రాలేదు. కొత్త మందు ప్రయత్నిద్దామన్నా తాను చేరడానికి ఒక ట్రయల్ లేదు. ఇదేం న్యాయమని వెళ్ళిన ప్రతి చోటా అడిగాడు. పెద్దవాళ్ళ ముందు అడిగాడు, టీవీలో అడిగాడు. ఇంకా రంగురంగుల టార్టన్ సూట్లు కుట్టించుకుని మరీ వెళ్ళేవాడు, గుంపులో అందరి కళ్ళూ తన మీదే పడాలని.

చేతులు పోయాయి. కాళ్ళు పోయాయి. మాట మందగించింది. ఉన్నదాంతోనే పని చేశాడు. నడవగలిగినన్నాళ్ళు నడిచి వెళ్ళాడు. నడక పోయాక కుర్చీలో వెళ్ళాడు. మాజీ స్కాట్లాండ్ కెప్టెన్ రాబ్ వైన్‌రైట్ 2021లో డొడ్డీ ఎయిడ్ అని మొదలుపెట్టాడు. లాక్‌డౌన్ రోజులు. ఎవరింటి దగ్గర వాళ్ళు నడిచి, పరిగెత్తి, సైకిల్ తొక్కి, ఆ మైళ్ళన్నీ జట్ల వారీగా కలిపి పరిశోధనకి డబ్బు పోగుచేయడం. రగ్బీలోనే 13 మంది ఆడే ఇంకో రకం ఉంది, రగ్బీ లీగ్. ఆ ఆటగాడు రాబ్ బరోకి 2019లో ఇదే జబ్బు అని తేలింది. డొడ్డీ అతన్ని కలిశాడు. బరో స్నేహితుడు కెవిన్ సిన్‌ఫీల్డ్ స్నేహితుడి కోసం వరసపెట్టి మారథాన్లు పరిగెత్తాడు. వీళ్ళందరి ఒత్తిడి మీద 2021 నవంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం ఎంఎన్‌డీ పరిశోధనకి ఐదు కోట్ల పౌండ్లు ఇస్తామని మాటిచ్చింది.

రగ్బీ వల్లే ఈ జబ్బు వచ్చిందా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు 2022 అక్టోబర్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్కాట్లాండ్ తరఫున ఆడిన 412 మంది మాజీ ఆటగాళ్ళని, దాదాపు అదే వయసు, అదే ప్రాంతం, అలాంటి ఆర్థిక స్థితి ఉన్న 1,200 మందికి పైగా మామూలు జనంతో పోల్చి చూశారు. ఆటగాళ్ళలో డిమెన్షియా రెట్టింపు పైన, పార్కిన్‌సన్స్ మూడు రెట్లు, ఎంఎన్‌డీ దాదాపు 15 రెట్లు. ఫార్వర్డ్ అయినా బ్యాక్ అయినా తేడా కనిపించలేదు. అయితే ఎంఎన్‌డీ వచ్చినవాళ్ళ సంఖ్య చిన్నది కాబట్టి ఆ 15ని జాగ్రత్తగా పట్టుకోవాలి. డొడ్డీకి తలదెబ్బల వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మా అన్నయ్య కబడ్డీకీ దీనికీ ముడిపెట్టే ఆధారం నాకు లేదు, నేను ముడిపెట్టను. కానీ తలకి దెబ్బ తగిలిన పిల్లాణ్ణి నీళ్ళు చల్లి మళ్ళీ మైదానంలోకి తోసే పద్ధతి మన గ్రామీణ పోటీల్లో ఇంకా ఉంది. రేపు మీలో కొందరు జట్లతో పనిచేస్తారు. బయట కూర్చోబెట్టండి. కోచ్ అరిచినా, జనం అరిచినా కూర్చోబెట్టండి.

శ్వాస గురించి చెప్పి ఈ భాగం ముగిస్తాను. ఈ జబ్బులో చివరికి ప్రాణం తీసేది ఎక్కువగా ఊపిరే. ఊపిరి లాగే కండ, డయాఫ్రమ్, అలిసిపోతుంది. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో చూసే పరీక్ష మీకు తెలుసు. నేను అన్నయ్యని లెక్కపెట్టమన్నాను. "అంకెలెందుకే" అన్నాడు. గుక్క పట్టి కూత పెట్టాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని. మంచం మీద, దిండుకి ఆనుకుని. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. మొదటిసారి 26. అప్పటినుంచి వారానికోసారి ఆదివారం పొద్దున అదే పరీక్ష. 22. 19. 19. 14. మా వదిన వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడేది. 11కి వచ్చాక రాత్రిపూట బైపాప్ మెషిన్ పెట్టించాం, మాస్కు ద్వారా గాలి తోసి ఊపిరికి సాయం చేసేది. నిద్ర పట్టింది, పొద్దున్నే తలనొప్పి పోయింది, మళ్ళీ టీవీ చూడటం మొదలుపెట్టాడు. ఆ మెషిన్ ఇంకో రెండు నెలలు ముందే పెట్టించి ఉండాల్సింది. రోగి ఆయాసం అనేదాకా ఆగకండి. పొద్దున్నే తలనొప్పి, పగలు కునికిపాట్లు, పడుకుంటే ఊపిరాడకపోవడం, వీటిని మీరే అడిగి తెలుసుకోండి.

అన్నయ్య 2019లో పోయాడు. చివరి ఆదివారం లెక్క 4.

2020లో ఎడిన్‌బరో కేంద్రంగా ఎంఎన్‌డీ-స్మార్ట్ అనే ట్రయల్ మొదలైంది. దానికి డబ్బు పెట్టినవాళ్ళలో డొడ్డీ ఫౌండేషన్ ఒకటి. ఒకేసారి ఒకటి కంటే ఎక్కువ మందుల్ని పరీక్షిస్తారు, పనిచేయనిదాన్ని తీసేసి కొత్తదాన్ని చేరుస్తారు. వీలైనంత ఎక్కువమంది రోగులు చేరేలా నిబంధనలు పెట్టారు. మొదట పెట్టిన మెమాంటీన్, ట్రాజోడోన్ రెండూ పనిచేయలేదని 2023లో తేలింది. ట్రయల్ ఆగలేదు, వేరే మందులతో నడుస్తోంది. అదే 2023లో టోఫర్సెన్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. ఎస్ఓడీ1 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్ళకే అది, నూటికి ఇద్దరికి. ఆ ఇద్దరికైనా వచ్చింది కదా అని నాకు అనిపిస్తుంది.

2022 నవంబర్ 13. మళ్ళీ మర్రేఫీల్డ్, మళ్ళీ న్యూజీలాండ్. డొడ్డీ ఈసారి చక్రాల కుర్చీలో వచ్చాడు. మైదానంలోకి కొడుకులూ భార్యా తోడుగా వచ్చారు. రెండు జట్లూ వరసకట్టి నిలబడ్డాయి. అదే రోజు సిన్‌ఫీల్డ్ ఆ స్టేడియం నుంచి మాంచెస్టర్ దాకా ఏడు రోజుల పరుగు మొదలుపెట్టాడు. పదమూడు రోజులకి, నవంబర్ 26న, డొడ్డీ పోయాడు. నేను ఆ వీడియో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. కుర్చీలో అతని తల ఎటూ వాలకుండా దన్ను ఎలా అమర్చారో, మోచేతుల కింద ఏం పెట్టారో, పాదాలు జారకుండా ఎలా ఉంచారో చూశాను. ఎవరో శ్రద్ధ తీసుకుని చేశారు. ఆ పని చేసినవాళ్ళ పేరు ఎక్కడా రాలేదు. ఆ పనే రేపు మీది.

ఇప్పుడు లైనౌట్ దగ్గరికి వద్దాం. ఎంఎన్‌డీ రోగిని మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు మన ఇళ్ళలో ఏం చేస్తారు? చంకల కింద చేతులు పెట్టి పైకి లాగుతారు. భుజం చుట్టూ కండలు ఉండవు కాబట్టి భుజం కీలు జారుతుంది. మా అన్నయ్యకి మేమే రెండుసార్లు అలా చేశాం. అరవలేక కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రగ్బీలో ఎవరూ మనిషిని చేతులు పట్టుకుని ఎత్తరు. తొడల దగ్గర పట్టుకుంటారు. మన రోగి తన ఒళ్ళు బిగబట్టలేడు కాబట్టి ఆ బిగువు మనం ఇవ్వాలి. నడుముకి బెల్టు కట్టి, తొడల కింద మడత దుప్పటి వేసి, ఇద్దరూ ఒకే లెక్కకి లేవాలి. పిరుదులు సీటు మీద పూర్తిగా ఆనేదాకా ఎవరూ చేతులు తీయకూడదు. లెక్క రోగినే పెట్టనివ్వండి. మాట రాకపోతే కళ్ళు ఆర్పి పెడతాడు, మూడోసారికి మీరు లేపండి.

ఆ మూల కుర్చీ ఇటు తీసుకురండి. మంచం మీద నేను పడుకుంటాను. ఇద్దరు రండి, ఎత్తు కాస్త సమానంగా ఉన్నవాళ్ళు. మీరిద్దరూ రండమ్మా. బెల్టు ఆ సంచిలో ఉంది.